వెలుతురు తగిలితే ఈగ తొండం చాచాలి: హన్మకొండ ల్యాబు నుంచి ఆప్టోజెనెటిక్స్ మార్గదర్శి

తొలకరి పడిన రాత్రి మా ఇంట్లో లైటు వేయనిచ్చేవాళ్లు కాదు. వేస్తే ఉసిళ్లు వచ్చి అన్నం కంచంలో పడేవి, పొద్దున లేచేసరికి గడప నిండా రెక్కలు. మా నాయనమ్మ వాకిట్లో ఒక్క బల్బు వెలిగించి, దాని కింద నీళ్లు పోసిన తాంబాళం పెట్టేది. అరగంటలో తాంబాళం నిండేది. వెలుతురుతో పురుగును ఆడించడమంటే చాలాకాలం నాకు తెలిసింది అదే.

ఇక్కడ చెప్పబోయేది వేరే సంగతి. ఉసిళ్ల దగ్గర వెలుతురు కంటి గుండా పోతుంది. దీపం చుట్టూ తిరిగే పురుగులను హైస్పీడ్ కెమెరాలతో తీసి 2024లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, అవి దీపం మీద మోజుతో రావు. పైన ఆకాశం ఎటుందో వెలుతురును బట్టి లెక్కేసుకుని వీపును అటు తిప్పుతాయి. దీపం పక్కనుంటే ఆ లెక్క తప్పి గిరికీలు కొడతాయి. ఆప్టోజెనెటిక్స్‌కు ఈ కంటితో పని లేదు. మనం ఎంచుకున్న నాడీకణాల్లో మాత్రమే వెలుతురు తగిలితే తెరుచుకునే ఒక ప్రోటీన్‌ను పుట్టించి, బయటి నుంచి ఎర్ర లైటు వేస్తాం. చక్కెర రుచి చూసే కణాలను అలా పలికిస్తే ఈగ ఏమీ లేని గాలిలోకి తొండం చాచి నాకుతుంది. ఎదురుగా చక్కెర రేణువు కూడా ఉండదు.

చూడ్డానికి ఇంద్రజాలంలా ఉంటుంది కాబట్టే మోసపోవడమూ తేలిక. లైటు వేయగానే ఈగ కదిలితే సరిపోదు. అది చూసి కదిలిందా, వేడికి కదిలిందా, మనం అనుకున్న కణం వల్లే కదిలిందా అన్నది తేల్చాలి. ఈ మార్గదర్శిలో సగం ఆ తేల్చుడు గురించే.

ముందు కాగితం, తర్వాత ఈగ

ఇది ఇంటి మేడ మీద చేసే ప్రయోగం కాదు. వాడే ఈగలు జన్యుమార్పిడి చేసినవి. మన దేశంలో 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాలు వీటికి వర్తిస్తాయి. మీ సంస్థలో జీవభద్రతా సంఘం, అంటే ఐబీఎస్‌సీ ఉండాలి, ఈగలు చేతికి రాకముందే దాని అనుమతి ఉండాలి. మీ కాలేజీలో అలాంటి సంఘం లేకపోతే ఉన్న విశ్వవిద్యాలయంతోనో పరిశోధన సంస్థతోనో కలిసి చేయండి. అనుమతి వచ్చేదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. మేత వండటం, ఈగలు పెంచడం, ఆడా మగా గుర్తుపట్టడం, లైటు పెట్టె తయారుచేయడం అన్నీ మామూలు ఈగలతో నేర్చుకోవచ్చు. మాగిన అరటిపండు ముక్క సీసాలో వేసి కిటికీ దగ్గర పెడితే సాయంత్రానికి అవే వస్తాయి.

పేరు విషయంలో ఒక మాట. జగిత్యాల వైపు మామిడి రైతుకు 'పండు ఈగ' అంటే కాయను కుళ్లబెట్టే బాక్ట్రోసెరా. మనకు కావాల్సింది అది కాదు. మాగిన పండ్ల మీద ముసిరే, రెండున్నర మిల్లీమీటర్ల పొడవున్న, ఎర్ర కళ్ల డ్రోసోఫిలా మెలనోగాస్టర్ కావాలి. దాని మెదడులో ఉన్నవి సుమారు 1,40,000 నాడీకణాలే. 2024 అక్టోబరులో ఒక ఆడ ఈగ మెదడు మొత్తానికీ తీగల పటం వచ్చింది. అందులో 1,39,255 కణాలు, కణానికీ కణానికీ మధ్య దాదాపు 5 కోట్ల సంధులు లెక్కతేలాయి. ఏ కణం దేనికి కలుస్తుందో పటం ఉంది, ఒక్కో కణాన్ని మీటి చూసే పనిముట్టూ ఉంది. ఈ రెండూ ఇంత బాగా కుదిరిన జంతువులు అరుదు.

లోపల ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడం

ఇంటర్ బోటనీ రికార్డులో క్లామిడోమోనాస్ బొమ్మ వేసినవాళ్లకు అందులో ఎర్రటి కంటిచుక్క గుర్తుండాలి. చెరువు నీళ్లలో బతికే ఈ ఏకకణ పాచి వెలుతురు ఎటుందో పసిగట్టి అటు ఈదుతుంది. దానికి సాయపడే ప్రోటీన్లలో ఒకటి చానెల్‌రొడాప్సిన్-2. 2003లో దాని పనితీరు బయటపడింది. వెలుతురు పడగానే తెరుచుకుని ధనావేశ అయాన్లను కణం లోపలికి వదిలే ద్వారం అది. నాడీకణంలో ఆ ద్వారం తెరుచుకుంటే కణం పలుకుతుంది, అంటే విద్యుత్ సంకేతం పంపుతుంది. 2005లో క్షీరదాల నాడీకణాల్లో పెట్టి చూపించారు. 2006లో ఈగ లార్వాల్లోనూ పనిచేసింది.

ఈగలకు ఇందులో ఒక గొప్ప ఉంది. 2005లోనే సుజానా లీమా, గెరో మీజెన్‌బాక్ అనే ఇద్దరు వేరే పద్ధతిలో, అంటే లేజరు తగిలితే విడుదలయ్యే రసాయనంతో, ఈగ పారిపోయే నాడిని పలికించారు. తల తీసేసిన ఈగలు కూడా లేజరు వెలగగానే ఎగిరి దూకాయి. కళ్లే లేవు కాబట్టి 'చూసి దూకిందేమో' అనడానికి ఎవరికీ సందు దొరకలేదు. నేనింతవరకు చదివిన కంట్రోళ్లలో, అంటే వేరే కారణం లేదని తేల్చే సరిపోల్చు పరీక్షల్లో, ఇంత నిర్దాక్షిణ్యమైనదీ ఇంత అందమైనదీ ఇంకొకటి లేదు.

ఆ ద్వారాన్ని ఎంచుకున్న కణాల్లోనే పెట్టేదెలా? 1993లో ఆండ్రియా బ్రాండ్, నార్బర్ట్ పెరిమన్ ప్రవేశపెట్టిన గాల్4-యూఏఎస్ పద్ధతితో. మా పిల్లలకు నేను బోరు మోటారుతో చెప్తాను. ఒక ఈగ వంశంలో మోటారు ప్రతి చేనులోనూ దించి ఉంటుంది, కరెంటు మాత్రం ఉండదు. అది యూఏఎస్ వంశం. ఇంకో వంశంలో మోటారు లేదు, ఒక్క ఫీడరుకే కరెంటు వస్తుంది. అది గాల్4 వంశం. ఆ ఫీడరు చక్కెర కణాలదే కావచ్చు, నడక కణాలదే కావచ్చు. రెండు వంశాలనూ జత కట్టిస్తే పిల్లల్లో ఆ ఫీడరు కింది మోటార్లకే కరెంటు అందుతుంది. ఇంకా రెండు మిగిలాయి. రెటినాల్ (retinal) అనే చిన్న అణువు ఫ్యూజు, అది లేకపోతే ప్రోటీన్ ఉన్నా వెలుతురు పట్టదు. ఎర్ర లైటు స్టార్టరు మీద మీ వేలు.

ఏ వంశాలు తెచ్చుకోవాలి

ద్వారం కోసం యూఏఎస్-సీఎస్‌క్రిమ్సన్ అడగండి. 2014లో వచ్చిన ఈ ప్రోటీన్‌కు 590 నానోమీటర్ల దగ్గర స్పందన ఎక్కువ, 617 నుంచి 630 వరకున్న మామూలు ఎర్ర ఎల్‌ఈడీకి హాయిగా తెరుచుకుంటుంది. పాత చానెల్‌రొడాప్సిన్-2కు నీలం వెలుతురు కావాలి. ఈగ కళ్లకు నీలం భగ్గుమని కనిపిస్తుంది, పైగా చర్మం గుండా లోపలికి సరిగా దిగదు. ఎర్ర రంగు ఈగకు మసకగా మాత్రమే ఆనుతుంది, లోతుగానూ దిగుతుంది. మసకగా అన్నాను, అసలు ఆనదనలేదు. ఈ తేడా తర్వాత మన పీకకు చుట్టుకుంటుంది.

గాల్4 వైపు మొదటి ప్రయోగానికి జీఆర్64ఎఫ్-గాల్4 అడగండి. తీపిని పట్టే కణాల్లో పనిచేస్తుంది. ఆ కణాలు కాళ్ల మీద, తొండం చివర ఉంటాయి కాబట్టి వెలుతురు సులువుగా అందుతుంది, ఫలితం కంటికి కనిపిస్తుంది. సినిమాటిక్‌గా ఉంటుందని చాలామంది నేరుగా 'మూన్‌వాకర్' ఈగలకు, అంటే వెనక్కి నడిచే వంశానికి, పోతారు. 2014లో దాన్ని కనిపెట్టిన పరిశోధన అద్భుతమే, కానీ అది రెండో ప్రయోగంగా పెట్టుకోండి.

ప్రపంచంలో పెద్ద ఈగల భాండాగారం అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో ఉంది. అక్కడి నుంచి నేరుగా తెప్పించుకోవాలంటే దిగుమతి అనుమతులతో నెలలు గడుస్తాయి. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ప్రాంగణంలో ఈగల కేంద్రం ఉంది, హైదరాబాదులో అలాంటిదే అయిన సీసీఎంబీలో ఈగల మీద పనిచేసేవాళ్లున్నారు. ముందు అక్కడ అడగడం మేలు. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైల్లో రెండు గంటలే కానీ, ఏప్రిల్లో ఆ రెండు గంటలకే ఈగలు పోతాయి. సీసాలను తడిగుడ్డలో చుట్టి, టిఫిన్ సంచిలో పెట్టి, ఒళ్లో పెట్టుకుని రండి. పైన సామాను అరలో పెట్టొద్దు. మేము పెట్టాం.

మేత, ఎండ, చీమలు

మేత వంట మన దగ్గర చాలా సులువు, ఎందుకంటే ముఖ్యమైన సరుకు మక్కపిండి. లీటరు నీళ్లకు మక్కపిండి 80 గ్రాములు, చక్కెర 40, గ్లూకోజు 20, ఎండు ఈస్టు 15, జెల్లీలా గడ్డకట్టించే అగార్ 8 గ్రాములు. అగార్‌ను ముందు నీళ్లలో మరిగించి, పిండిని చల్లనీళ్లలో కలిపి ఉండలు కట్టకుండా పోసి, గటక కలిపినట్టు అడుగంటకుండా కలుపుతూ పావుగంట ఉడికించాలి. 60 డిగ్రీలకు దిగాక బూజు పట్టకుండా ప్రొపియోనిక్ ఆమ్లం 4 మిల్లీలీటర్లు, ఒక గ్రాము మిథైల్ పారాబెన్‌ను 5 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌లో కరిగించి కలపాలి. వేడిగా ఉన్నప్పుడే కలిపితే ప్రొపియోనిక్ ఆవిరి ముక్కు పగలగొడుతుంది. సీసాల్లో పోసి, పైన పల్చటి గుడ్డ కప్పి ఒక రాత్రి ఆరనివ్వండి, దూది బిరడాలు మర్నాడు.

ఈగకు 25 డిగ్రీలు కావాలి. ఆ వేడిమిలో గుడ్డు నుంచి పెద్ద ఈగ దాకా 10 రోజులు. 30 దాటితే మగవి గొడ్డుపోతాయి, ఇంకా పెరిగితే సీసాలు ఖాళీ. మన దగ్గర మే నెలలో బయట 43, 44 ఉంటుంది కాబట్టి చల్లబరిచే సదుపాయం ఉన్న బీఓడీ ఇంక్యుబేటర్ తప్పనిసరి, దానికి కరెంటు పోయినా ఆగని లైను తప్పనిసరి. కుదరకపోతే జూలై నుంచి ఫిబ్రవరి వరకే ప్రయోగాలు పెట్టుకుని, ఎండాకాలంలో వంశాలను పక్క ల్యాబులో దాచుకోండి. మాకు ఒక ఏడాది వేసవి సెలవుల్లో అటెండరు లేక, ఇంక్యుబేటర్ ఆగిన సంగతి ఎవరూ చూడక, మూడు వంశాలు పోయాయి.

చీమలకు మందు వాడొద్దు, ఈగలూ చస్తాయి. పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టు స్టాండు నాలుగు కాళ్లనూ నీళ్ల గిన్నెల్లో పెట్టండి, అందులో సబ్బు చుక్క వేయండి.

జత కట్టించడం

యూఏఎస్-సీఎస్‌క్రిమ్సన్ కన్నె ఆడవి 10 నుంచి 15, జీఆర్64ఎఫ్-గాల్4 మగవి 5 లేదా 6 ఒక సీసాలో వేయాలి. కన్నెవే కావాలి, ఎందుకంటే ఆడ ఈగ ఒకసారి జతకట్టిందంటే ఆ బీజం దాచుకుని రోజుల తరబడి వాడుకుంటుంది, మీ జన్యు లెక్కంతా గంగలో కలుస్తుంది. 25 డిగ్రీల్లో బయటికొచ్చిన 8 గంటల లోపు ఆడవి జతకట్టవు. పొద్దున సీసా ఖాళీచేసి మధ్యాహ్నం వచ్చినవి ఏరుకోండి. అప్పుడే పుట్టింది పాలిపోయి ఉంటుంది, పొట్టలో నల్లటి చుక్క కనిపిస్తుంది. మగదైతే పొట్ట చివర నల్లగా, ముందుకాళ్ల మీద నల్లటి దువ్వెన. ఏరేటప్పుడు మత్తుకు ఈథర్ వద్దు, ఐసు మీద పెట్టిన పెట్రీ పళ్లెం చాలు.

గాల్4 వంశంలో వంకర రెక్కల ఈగలుంటే అది బ్యాలెన్సర్ గుర్తు, అంటే గాల్4 ఉన్న క్రోమోజోముకు జోడీగా ఉంచే, గాల్4 లేని క్రోమోజోము గుర్తు. పిల్లల్లో వంకర రెక్కలవాటిని తీసేసి, నిటారు రెక్కలవే వాడండి.

ఇదే రోజు ఇంకో రెండు జతలు కూడా పెట్టాలి. యూఏఎస్ వంశాన్ని మామూలు ఈగతో ఒకటి, గాల్4 వంశాన్ని మామూలు ఈగతో ఒకటి. ఇవి తర్వాత పెడదాంలే అనుకుంటే ఆ 'తర్వాత' 10 రోజులు.

రెటినాల్, చీకటి

ఆల్-ట్రాన్స్ రెటినాల్ పసుపు పొడి, ఖరీదైనది, వెలుతురు తగిలితే చెడిపోతుంది. అణుభారం 284.4. కాబట్టి 28.4 మిల్లీగ్రాములను ఒక మిల్లీలీటరు ఆల్కహాల్‌లో కరిగిస్తే 100 మిల్లీమోలార్ ద్రావణం. చేతులకు గ్లవ్స్, గదిలో ట్యూబులైటు ఆర్పి మసక వెలుతురు, చిన్న చిన్న గొట్టాల్లో పంచి, ఫాయిల్ చుట్టి, మైనస్ 20లో దాచండి. మేతలో 0.4 మిల్లీమోలార్ కావాలంటే 10 మిల్లీలీటర్ల మేతకు 40 మైక్రోలీటర్లు. మేతను కరిగించి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక కలపండి. కంట్రోలు సీసాల్లో 40 మైక్రోలీటర్ల ఉత్త ఆల్కహాల్ కలపండి, ఏమీ కలపకుండా వదలొద్దు.

ఒకటి నుంచి మూడు రోజుల వయసున్న ఈగలను ఈ మేత మీదికి మార్చి, సీసాను ఫాయిల్‌లో చుట్టి, నాలుగు రోజులు చీకట్లో ఉంచండి. సీఎస్‌క్రిమ్సన్ ఎర్రరంగుకే కాదు, గది లైటుకూ కిటికీ ఎండకూ తెరుచుకుంటుంది. వెలుతురులో వదిలేస్తే ఆ ఈగ నాలుగు రోజులూ లేని చక్కెరను నాకుతూ గడిపి, మీరు పరీక్షించేనాటికి విసిగిపోయి ఉంటుంది.

మక్కపిండితో ఒక చిక్కుంది, ఇది మేము ఆలస్యంగా పట్టుకున్నాం. పచ్చ మక్కల్లో కెరోటినాయిడ్లు ఉంటాయి. ఈగ వాటి నుంచి కొద్దిగా రెటినాల్ తయారుచేసుకుంటుంది, దాని కళ్లు పనిచేసేదీ ఆ కోవ అణువుతోనే. అందుకే రెటినాల్ పెట్టని ఈగల్లో కూడా ఒకటీ అరా స్పందించవచ్చు. అది చూసి బెంబేలెత్తొద్దు, దాచనూ వద్దు. లెక్క రాయండి. కొట్టొచ్చే తేడా ఉండాలి, సున్నా ఉండాలని కాదు.

లైటు పెట్టె

625 నానోమీటర్ల 3 వాట్ల ఎర్ర ఎల్‌ఈడీ, దాని వీపుకు అల్యూమినియం హీట్‌సింకు, 700 మిల్లీఆంపుల స్థిర కరెంటు డ్రైవరు, ఒక ఆర్డ్యునో ఉనో, అంటే లైటు ఎప్పుడు వెలగాలో ఎప్పుడు ఆరాలో చెప్పే చిన్న కంట్రోలు బోర్డు. డిమ్మింగ్ పిన్ ఉన్న డ్రైవరు తీసుకుంటే ఆ పిన్‌ను నేరుగా ఆర్డ్యునోకు కలపొచ్చు. ఇలాంటి చాలా డ్రైవర్లలో ఆ పిన్ గాల్లో వేలాడితే లైటు వెలుగుతుంది. ఆర్డ్యునో రీసెట్ అయ్యే ఆ సెకనులో సరిగ్గా అదే జరుగుతుంది, మీరు చీకట్లో నాలుగు రోజులు దాచిన ఈగల మీద ధగ్గుమని ఎర్ర లైటు. పిన్ నుంచి గ్రౌండుకు 10 కిలోఓమ్‌ల రెసిస్టరు వేయండి. మీ డ్రైవరు కాగితం ఒకసారి చదివి వేయండి.

10 మిల్లీసెకన్లు వెలగడం, 15 ఆరడం, అంటే సెకనుకు 40 సార్లు. ఇది ఒక సెకను పాటు. మొదలుపెట్టడానికి ఇది చాలు. ఆర్డ్యునో ఆదేశాల్లో ఎనలాగ్‌రైట్ వాడొద్దు, దాని సొంత వేగం ఉనోలో చాలా పిన్ల మీద సెకనుకు 490 సార్లు. డిజిటల్‌రైట్, డిలే చాలు.

వెలుతురు ఎంత పడుతుందో కొలవాలంటే ఫిజిక్సు విభాగంలో పవర్ మీటరు అడిగి తెచ్చుకోండి. ఈగ కూర్చునే చోట 10 నుంచి 20 మైక్రోవాట్లు, చదరపు మిల్లీమీటరుకు, పెట్టి మొదలుపెట్టండి. ఫోన్లో లక్స్ యాప్ ఇక్కడ పనికిరాదు. లక్స్ అన్నది మనిషి కంటికి తోచే వెలుతురు లెక్క.

కెమెరా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. చీకట్లో ఈగను చూడాలంటే 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు కింద నుంచి వేయాలి, అది ఈగకూ ఆనదు, ప్రోటీన్‌నూ కదిలించదు. ఫోను కెమెరాకు అది కనిపిస్తుందో లేదో టీవీ రిమోటుతో తేలిపోతుంది. రిమోటు బటన్ నొక్కి కెమెరాలో చూడండి. చాలా ఫోన్లలో వెనక కెమెరాలో చుక్క కనిపించకపోయినా ముందు కెమెరాలో కనిపిస్తుంది. ఎర్ర లైటు వెలగగానే చిత్రమంతా ఎర్రగా అలుక్కుపోతుంది కాబట్టి కెమెరా ముందు ఎర్రరంగును ఆపి ఇన్‌ఫ్రారెడ్‌ను వదిలే జల్లెడ కావాలి. కొనే డబ్బు లేకపోతే, హన్మకొండ చౌరస్తా దగ్గర పాత ఫొటో స్టూడియోవాళ్లను అడిగితే రీలు మొదట్లో నల్లగా కాలిపోయిన కలర్ నెగెటివ్ ముక్క ఇస్తారు. రెండు పొరలు వేయండి, పనిచేస్తుంది. ఇప్పుడు ఎర్ర లైటు ఎప్పుడు వెలిగిందో వీడియోలో తెలియదు కదా. ఫ్రేము మూలన ఒక చిన్న ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీని అదే ఆర్డ్యునోకు కలిపి ఉంచండి, అది మెరిసినప్పుడు ఇది వెలిగినట్టు.

మేము ఎలా మోసపోయామంటే

మొదటిసారి మేము తొండం పరీక్ష జోలికే పోలేదు. పెట్రీ పళ్లెంలో ఈగల్ని వదిలి, ఎల్‌ఈడీని హీట్‌సింకు లేకుండా మూతకు అంటించి వెలిగించాం. ఈగలన్నీ ఒక్కసారిగా పరుగు. ముగ్గురం గట్టిగా అరిచాం, వీడియో తీసి గ్రూపులో పెట్టాం. మా ల్యాబు మేడం వచ్చి పళ్లెం చూసి, ఫోను చూసి, ఒకటే అడిగింది.

"రెటినాల్ పెట్టని ఈగలేవి? అవి గూడ చూపియ్యున్రి."

పెట్టాం. అవీ అంతే పరుగు. మామూలు అరటిపండు ఈగల్ని పెట్టాం. అవీ అంతే. మూత మీద చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగిలింది. థర్మామీటరు పెడితే రెండు నిమిషాల్లో పళ్లెంలో 5 డిగ్రీలు పెరిగింది. గ్రూపులో వీడియో తీసేసేలోపే నలభై మంది బొటనవేలు పెట్టారు.

అప్పటి నుంచి మా వరుస ఇదే. ఏ ప్రయోగమైనా మొదట మామూలు ఈగల మీద. అవి లైటుకు కదిలితే పెట్టె బాగుచేసుకోవాలి: హీట్‌సింకు, దూరం, వెలుతురు తగ్గించడం. ఈగ ఉన్నచోట ఒక పూట పరీక్ష మొత్తంలో ఒక డిగ్రీ కంటే ఎక్కువ పెరగకూడదు. మామూలు ఈగ నిమ్మళంగా ఉన్నాకే అసలు ఈగ.

తొండం పరీక్ష, అంచెలంచెలుగా

ముందురోజు ఈగల్ని ఒక శాతం అగార్ ఉన్న సీసాలోకి మార్చి 24 గంటలు పస్తు పెట్టండి. అగార్ నీళ్లిస్తుంది, తిండి ఇవ్వదు. రెటినాల్ ఈగలకైతే ఆ అగార్‌లోనూ రెటినాల్ ఉండాలి, సీసాకు ఫాయిల్ ఉండాలి.

200 మైక్రోలీటర్ల పిపెట్ చివర బ్లేడుతో కోసి, ఈగ తల మాత్రం దూరేంత రంధ్రం చేయండి. ఐసు మీద ఈగను చల్లబరిచి, మెత్తటి కుంచెతో వెనక నుంచి నెట్టితే తలా, వీలైతే ముందుకాళ్లూ బయటికొస్తాయి. ఈ పని మొదటి పది ఈగలకు గంట పడుతుంది, ఆ తర్వాత చేతికి అలవాటవుతుంది. మెడ దగ్గర బిగిస్తే ఈగ చచ్చిపోదు కానీ తొండం చాచదు, అది ఫలితం అనుకుని రాసుకుంటారు. బిగించాక రెండు గంటలు చీకట్లో తేమగా ఉన్న డబ్బాలో తేరుకోనివ్వండి.

మొదలుపెట్టే ముందు తడి టిష్యూ కొసను తొండానికి తాకించి కడుపునిండా నీళ్లు తాగనివ్వాలి. దప్పికతో చాచేదాన్ని తీపి అనుకోకుండా.

తర్వాత లైటు. ఒక సెకను వెలుతురు, ఒక నిమిషం విరామం, మూడుసార్లు. తొండం పూర్తిగా చాస్తేనే ఒకటి, సగం చాస్తే సున్నా. ఈ నియమం ముందే గోడకు అంటించండి, చూస్తూ చూస్తూ మార్చుకోవద్దు. ఆఖరున 100 మిల్లీమోలార్ చక్కెర నీళ్లు, అంటే 100 మిల్లీలీటర్లలో 3.4 గ్రాములు, కాళ్లకు తాకించండి. అసలు చక్కెరకే చాచని ఈగ లెక్కలోకి రాదు. చక్కెర ముందిచ్చి లైటు తర్వాత వేస్తే, రుచి మరిగిన ఈగ ఊరికే చాచొచ్చు, అందుకే చక్కెర చివర.

పనిచేసినప్పుడు ఎలా ఉంటుందో చెప్తాను. సూక్ష్మదర్శిని కెమెరాలో ఈగ తల వడ్లగింజంత ఉంటుంది, మీసాలు అటూ ఇటూ కదుపుతూ నెమ్మదిగా. మూలన చుక్క మెరుస్తుంది. తల కింద మడిచి పెట్టుకున్న తొండం మొదట కొద్దిగా ఉబ్బి, మోకాలు చాచినట్టు రెండు మడతల్లో తెరుచుకుని, చివరన ఉన్న రెండు మెత్తటి పెదవులు విచ్చుకుంటాయి. అక్కడ ఏమీ లేదు. లైటు ఆరుతుంది, ఒక క్షణం తడుముకుని తొండం మడుచుకుంటుంది. మళ్లీ నిమిషానికి అదే.

నాలుగు గుంపులూ ఉండాలి: అసలు ఈగలు రెటినాల్‌తో, అవే రెటినాల్ లేకుండా, యూఏఎస్ సగం మాత్రమే ఉన్నవి రెటినాల్‌తో, గాల్4 సగం మాత్రమే ఉన్నవి రెటినాల్‌తో. ఒక్కో గుంపులో 30 ఈగలకు తగ్గొద్దు, రెండు మూడు వేర్వేరు రోజుల జతల నుంచి తీసుకోండి. ఏ పిపెట్‌లో ఏ గుంపో తెలియని మనిషి వీడియో చూసి మార్కులు వేయాలి. సీసాల మీద పేర్లు తీసి అంకెలు రాయించడానికి ఐదు నిమిషాలు పడుతుంది. అవునూ కాదూ లెక్క కాబట్టి ఫిషర్ అనే గణాంక పరీక్ష సరిపోతుంది.

ఆపడం కూడా ఒక ప్రయోగమే

కణాన్ని పలికించడమే కాదు, నోరు మూయించనూ వచ్చు. గిలార్డియా తీటా అనే పాచి నుంచి 2015లో వచ్చిన జీటీఏసీఆర్1 అనే ద్వారం వెలుతురు పడితే క్లోరైడును కణంలోకి వదిలి కణాన్ని అణిచేస్తుంది. పస్తున్న ఈగకు చక్కెర ముట్టించినా లైటు వెలిగినంతసేపూ తొండం చాచకపోతే, ఆ కణం లేనిదే ఆ పని జరగదని తెలుస్తుంది. పలికించినప్పుడు తెలిసేది ఆ కణం చాలునని. రెండూ వేర్వేరు మాటలు. అయితే దీనికి 515 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ వెలుతురు కావాలి, అది ఈగ కళ్లకు పట్టపగలులా కనిపిస్తుంది. ఎర్రలైటుతో కంట్రోళ్లు వంటబట్టాకే ఇటు రండి.

ఇదంతా ఇంట్లో చెప్తుంటే మా బాపు అడిగిండు, "గా లైటేదో మన పత్తిల గులాబీ రంగు పురుగు మీద కొడితే పోదా?" అని. పోదు. ఆ ప్రోటీన్ ముందు పురుగు ఒంట్లో ఉండాలి, చేనులో పురుగులకు దాన్ని ఎవరు పెడతారు? చేనుకు పనికొచ్చేవి లింగాకర్షక బుట్టలూ దీపపు ఎరలూ, అవి ముక్కుతో కంటితో ఆడే ఆట. ఏ వాసనకు ఏ కణం పలుకుతుంది, ఏ కణం పలికితే మగ పురుగు ఆడదాన్ని వెతుకుతుంది అన్న లెక్క మాత్రం ఈగల్లో ఇలాంటి పెట్టెల్లోనే తేలుతోంది. ఆయనకు అది సమాధానంలా అనిపించలేదు.

పూట ముగిశాక

వాడిన ఈగలు, మిగిలిన పిల్లలు, లార్వాలున్న సీసాలు అన్నీ బిరడాతో సహా మైనస్ 20లో ఒక రాత్రి ఉంచి, ఆటోక్లేవులో, అంటే పీడనంతో కూడిన వేడి ఆవిరిలో, ఉడికించి పారేయండి. కిటికీలోంచి ఊదేయడం, సింకులో కడగడం కుదరదు. గది కిటికీలకు సన్నటి దోమతెర, తలుపు దగ్గర వెనిగర్ పోసిన గ్లాసుకు కాగితపు గరాటు పెట్టిన ఎర ఉంచండి. తప్పించుకున్నవి అందులో పడతాయి, ఎన్ని పడ్డాయో రోజూ పుస్తకంలో రాయండి. ఐబీఎస్‌సీ వాళ్లు వచ్చినప్పుడు అడిగే మొదటి పుస్తకం అదే.